పద్నాలుగో పాట

మారేడ్‌పల్లి,
7 మే 1990

పద్మారావు నగర్‌లో పాటలు ఎక్కించే రాములు గారికి,

ప్రభువు నామములో వందనాలు. నా పేరు ఎలీసబెతు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు తెలుగు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. జూన్ పద్నాలుగున మాకు పెళ్లయి నలభై ఏళ్లు నిండుతాయి. రైల్వేలో పనిచేసి రిటైరైన మా ఆయన దేవసహాయం గారికి తెలియకుండా ఆ రోజుకు ఒక క్యాసెట్ సిద్ధం చేయాలని నా కోరిక. ఖాళీ క్యాసెట్టూ, పద్నాలుగు పాటల జాబితా పంపుతున్నాను. కొన్నిటికి పల్లవి గుర్తులేదు. గుర్తున్నది రాశాను.

అన్నీ పాతవే ఉండాలి. ఈ కాలం పాట ఒక్కటి కూడా నా చెవిన పడకూడదు. స్టీలు గిన్నెల బుట్ట మెట్ల మీంచి దొర్లినట్టుంటాయవి. ఆ రోజుల్లో పాట మనసులో పుట్టేది. ఇప్పుడు అమ్ముకోవడానికి పుడుతోంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది పద్నాలుగోది. 1949లో నేను మా పిన్ని గారింట్లో ఉండి టీచర్ ట్రైనింగ్ చదువుతుంటే, మా ఆయన వీధిలో నిలబడి నా కిటికీ వైపు చూస్తూ పాడిన పాట అది. "నీ చిరునవ్వే నిండు పున్నమి, నీ పలువరుసే వెండి వెన్నెల." నాకు ఈ రెండు పాదాలే గుర్తు. మిగతాది పాడమంటే ఆయన సిగ్గుపడి లేచి వెళ్లిపోతారు. మద్రాసు నుంచి వచ్చిన గ్రామఫోను రికార్డని మాత్రం చెప్పారు. అది దొరక్కపోతే తక్కిన పదమూడూ దండగే.

జవాబు మా పక్కింటి కాంతమణి చేతికివ్వండి. మీ షాపు పైన ఉన్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తుంది. మా ఇంటికి ఫోన్ చేయకండి. ఫోను ఆయన కుర్చీ పక్కనే ఉంటుంది.

ఇట్లు,
ఎలీసబెతు

తా.క.: ఏడో పాటలో హీరో పడవలో కూర్చుని ఏడుస్తాడు. ఈ వివరం చాలనుకుంటాను.

పద్మారావు నగర్,
14 మే

మారేడ్‌పల్లి టీచరమ్మకు రాములు రెండు చేతులెత్తి దండం పెట్టి రాసేది ఏందంటే,

మీ పదమూడు పాటలు ఎక్కించిన. మస్తు తక్లీఫ్ అయింది గని మంచిగ వచ్చినయి. పడవల కూసోని ఏడ్చేటోళ్లు నా దగ్గర పదకొండు మంది ఉన్నరు. అందరికన్న ఎక్కువ ఏడ్చినోన్ని ఎక్కించిన.

పద్నాలుగోది దొరకలే. నా రికార్డులన్ని చూసిన, సుల్తాన్ బజార్ల అడిగిన, ఎవ్వలకు తెల్వదు. మీరు పరేషాన్ కాకుండ్రి. షాపు ముందట కాయితం బోర్డు పెట్టిన. "మారేడ్‌పల్లి ఎలీసబెతు టీచరమ్మకు 'నీ చిరునవ్వే నిండు పున్నమి' కావాలె. తెలిసినోళ్లు లోపలికి రాండ్రి" అని పెద్ద పెద్ద అక్షరాలతోని రాసిన.

క్యాసెట్ వెనక దిక్కు పన్నెండు నిమిషాల జాగా మిగిలింది. ఖాళీగ ఇస్తే మర్యాద గాదని నా ఖుషీతోని మూడు కొత్త పాటలు ఏసిన.

ఒక మాటంటే కోపం చెయ్యకుండ్రి. పాట ఎప్పుడైనా అమ్ముడు కోసమే టీచరమ్మా. లేకుంటే పాత రికార్డు మీద సుత కంపెనీ బొమ్మ ఎందుకుంటది?

గిట్లు,
రాములు

తా.క.: గా మూడు పాటలు మా ఇంటామె బుచ్చమ్మ రొట్టెలు చేసుకుంట పాడ్తది. అప్పటి సంది రొట్టెలు గుండ్రంగ వస్తున్నయి.

మారేడ్‌పల్లి,
19 మే

రాములు గారికి,

ఈసారి వందనాలు సగమే.

ఇంట్లో పెడితే ఆయన వింటారని, క్యాసెట్‌ను దేవకృపమ్మ గారింటికి పట్టుకెళ్లాను. మా స్త్రీల సమాజం ప్రార్థన అక్కడే జరిగింది. ప్రార్థన అయ్యాక, టీ తాగుతూ పెట్టాం. మీ పడవ మనిషి ఏడుపుకు పాస్టరమ్మ గారు కూడా కళ్లు తుడుచుకున్నారు. అందరం గుండె బరువెక్కి కూర్చున్నాం. పదమూడో పాట అయిపోగానే ఢమాల్మని ఏదో పేలింది. తర్వాత ఒకావిడ "టింగురంగా టింగురంగా టిక్కెట్టు తీస్కో" అని అరిచింది. పాస్టరమ్మ గారి చేతిలో టీ ఒలికింది. నేను మిషను ఆపబోయి కంగారులో శబ్దం పెంచాను. పక్క వీధిలోంచి ఎవరో ఈల వేశారు.

నా పేరు బోర్డు మీద ఎక్కించమని మీకు ఎవరు చెప్పారు? వెంటనే తీసేయండి. మీ ఉత్తరం ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపుతున్నాను. ఇరవైకి నాలుగు మార్కులు. ఆ నాలుగూ దస్తూరికి. "గిట్లు" అనే మాట ఏ నిఘంటువులోనూ లేదు.

ఇట్లు (ఇలా రాయాలి),
ఎలీసబెతు

తా.క.: దేవకృపమ్మ గారికి ఎనభై ఒక్కటి. ఆ టిక్కెట్టు పాట మళ్లీ పెట్టమని మూడుసార్లు అడిగారు. ఆవిడకు చెవుడు. అందుకే అయ్యుంటుంది.

పద్మారావు నగర్,
24 మే

కోపంల ఉన్న టీచరమ్మకు, భయంల ఉన్న రాములు రాసేది,

తప్పయింది. మీ ఎర్ర సిరా ఉత్తరం బుచ్చమ్మ కంట్ల పడ్డది. "గింత ఎర్రగ రాసినామె ఎవ్వతె?" అని రెండు రోజులు నాకు చాయ్ పొయ్యలే. మార్కులు చూపిస్తే అప్పుడు నమ్మింది. నాలుగు వచ్చినయని ఇంక నవ్వుతనే ఉన్నది.

అసలు ముచ్చట వేరే ఉన్నది. బోర్డు నేను తియ్యకముందే ఒకాయన చింపిండు. పెద్ద వయసు. గీ మే ఎండల తలకు మంకీ క్యాప్, నల్ల కండ్లద్దాలు, చేతిల గొడుగు. మొదటి రోజు బోర్డు చదివి, చెమటలు కారుకుంట అట్లనే నిలవడ్డడు. రెండో రోజు చింపి జేబుల పెట్టుకున్నడు. మూడో రోజు లోపలికొచ్చి, "ఆ పాట దొరకలేదని ఆవిడకు రాసెయ్యండి. దొరికినా దొరకలేదనే రాయండి" అన్నడు. మీ ఇంటి గేటు రంగు సుత తెల్సు ఆయనకు!

టీచరమ్మా, నాకైతే ఒక్కటే సమజైతున్నది. గీ ముసలాయనకు మీ మీద పాత మనసున్నది. మీ పెండ్లి రోజు ఖరాబ్ చేద్దామని తిరుగుతుండు. జెర పైలం.

ఇట్లు (చూసిండ్రా!),
రాములు

తా.క.: మనిషైతే చూడనీకి మంచిగనే ఉన్నడు.

మారేడ్‌పల్లి,
26 మే

రాములు గారికి, తొందరలో వందనాలు.

మీ ఉత్తరం చదివాను. ఆ మనిషెవరో నాకు తెలుసు. రామభద్రరావు గారు. 1962లో మా స్కూల్లో సైన్సు చెప్పేవారు. ఒకరోజు వాన పడుతుంటే తన గొడుగు నాకిచ్చారు. మర్నాడు తిరిగి ఇవ్వబోతే, "ఉంచుకోండి టీచర్" అన్నారు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. అంతకు మించి మా మధ్య ఏమీ లేదు, దేవుడే సాక్షి. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత ఈ పిచ్చేమిటి?

నా మాటగా ఆయనకు గట్టిగా చెప్పండి. నేను సంసారిని. ముగ్గురు మనవరాళ్ల అమ్మమ్మను. ఇది మా ఆయన చెవిన పడితే తట్టుకోలేరు. ఆయనకు ఇప్పటికే ఒంట్లో బాగోలేదు. పెన్షనర్ల సంఘం పనంటూ రోజూ మధ్యాహ్నం బయలుదేరి, తలంతా చెమటతో తడిసి వస్తున్నారు. అన్నం సరిగా తినడం లేదు. నేను ఏదైనా కూనిరాగం తీస్తే ఉలిక్కిపడుతున్నారు.

ఇట్లు,
ఎలీసబెతు

తా.క.: గొడుగు నల్లదా, కాఫీ రంగుదా?

మళ్లీ తా.క.: కూరల కోసం నేను మీ వీధి వైపు రావలసి ఉంది. ఆయన ఏ వేళకు వస్తాడో రాస్తే, సరిగ్గా ఆ వేళకు రాకుండా జాగ్రత్తపడతాను.

పద్మారావు నగర్,
30 మే

టీచరమ్మా, ముందుగాల కుర్చీల కూసోండ్రి. కూసున్నంకనే చదువుండ్రి.

నిన్న ఆయన మల్ల వచ్చిండు. షట్టర్ సగం దించి అడ్డం నిలవడ్డ. "పెద్దమనిషీ, పరాయి ఇంటి ఆడామె ఎంబడి పడుడు ఏందీ? ఆమె పెనిమిటి రైల్వే మనిషి. తెల్సిందంటే నిన్ను పట్టాల మీద పండవెడ్తడు" అన్న.

ఆయన మంకీ క్యాప్ తీసి స్టూలు మీద కూలవడ్డడు. "ఆ పెనిమిటిని నేనేనయ్యా" అన్నడు.

చాయ్ తెప్పించిన. రెండు చాయ్‌లు తాగి మొత్తం కక్కిండు. టీచరమ్మా, గా పాట మద్రాసుది గాదు. రికార్డు సుత కాదు. రైల్వేల నౌకరి దొరకకముందు దేవసహాయం సారు పళ్లపొడి అమ్మే బండి మీద హార్మోనియం వాయించుకుంట పాడేటోడట. పున్నమి పళ్లపొడి. మీకు తెల్సిన రెండు పాదాల తర్వాత గిట్ల ఉంటది:

"కదిలే పన్నుకు, కారే చిగురుకు
పున్నమి పొడియే మందు!
రుద్దర తమ్ముడా, రుద్దవె చెల్లెలా,
బువ్వకు ముందూ, పడకకు ముందూ!"

అందుకే మీరు అడిగినప్పుడల్ల లేచి పోయేటోడు. "నలభై ఏండ్లు దాచాను. తెలిస్తే నా మొహం చూడదు. నోరు తెరవనని మాటియ్యి" అని నా చెయ్యి పట్టుకున్నడు. మాటిచ్చిన. నోరైతే తెరవలే, చూడుండ్రి. రాస్తున్న, గంతే.

ఇట్లు,
రాములు

తా.క.: గొడుగు నల్లది. మీ ఇంటిదే అయ్యుంటది, ఒకసారి చూసుకోండ్రి.

మారేడ్‌పల్లి,
17 జూన్

నాయనా రాములూ,

నీకూ, బుచ్చమ్మకూ నిండు వందనాలు. సోమవారం మేమిద్దరం మీ షాపుకు వచ్చినప్పుడు ఆయన పక్కనే ఉన్నారు కనుక ఏమీ చెప్పలేకపోయాను. ఏం జరిగిందో ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నా పెళ్లికి పునాది ఒక పళ్లపొడి పొట్లమా అని కుమిలిపోయాను. ఎన్ని క్లాసుల్లో, ఎంతమంది పిల్లలకు, ఆ రెండు పాదాలూ శృంగార రసానికి ఉదాహరణగా చెప్పానో నీకేం తెలుసు! మూడో రోజు పొద్దున ఆయన అద్దం ముందు నిలబడి పళ్లు తోముకుంటుంటే, వెనకగా వెళ్లి, "కదిలే పన్నుకు, కారే చిగురుకు" అని పాడాను. బ్రష్షు బకెట్‌లో పడింది.

"రాములు చెప్పాడా?" అన్నారు.

"చెప్పలేదు, రాశాడు. అయితే మీరు నన్ను చూసి పాడలేదన్నమాట."

ఆయన నోట్లో నురగతోనే తల ఊపారు. "లేదు ఎలీసా. ఆ రోజు మీ పిన్ని గారి గేటు ముందు బండి చక్రం ఊడింది. చక్రం బిగించేదాకా పాడుతూ ఉండమన్నాడు యజమాని. కిటికీలో ఎవరో నవ్వితే పొట్లం కొంటారనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. "మరి మర్నాడు? ఆ మర్నాడు? వరసగా పదకొండు రోజులు వచ్చారు కదా. రోజూ చక్రం ఊడిందా?"

ఆయన నోరు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు చెప్పారు.

"మర్నాడు బండి బొల్లారం వెళ్లింది. నేను వెళ్లలేదు. నౌకరీ పోయింది. బండీ లేదు, హార్మోనియమూ లేదు. నాకు వచ్చిన పాట అదొక్కటే. అందుకే తర్వాతి పాదాలు మానేసి ఆ రెండే పాడాను."

రాములూ, మొదటి రోజున నేను విన్న పాట అమ్మకానిది. మిగతా పది రోజులదైతే నాదే. పాట మనసులోనే పుట్టాలని నీతో వాదించాను. ఓడిపోయానని ఒప్పుకోను కానీ, గెలిచానని కూడా అనను.

ఇక పెళ్లిరోజు విందు సంగతి. ఆయన నీ షాపులో పాడినదాన్ని పద్నాలుగో పాటగా పెట్టాం. వెనక ఆ డబడబలు వద్దని నేను మొత్తుకున్నా నువ్వు వినలేదు. దేవకృపమ్మ గారు కర్రతో నేల మీద తాళం వేశారు. పాస్టరమ్మ గారు టీ ముందే పక్కన పెట్టేశారు. "బువ్వకు ముందూ, పడకకు ముందూ" దగ్గరికి వచ్చేసరికి ఆడపిల్లలంతా లేచి గంతులేశారు. కాలేజీ చదివే నా మనవరాలు ఆలిస్ రొప్పుతూ వచ్చి, "అమ్మమ్మా, మస్తుంది! ఏ కొత్త సినిమాలోది?" అని అడిగింది. మా ఆయన సిగ్గుపడి లేచి వెళ్లిపోబోయారు. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.

నీ క్షేమం కోరే,
ఎలీసబెతు టీచరు

తా.క.: విందుకు వచ్చినవాళ్లలో నలుగురు ఇవాళ పొద్దున ఫోన్ చేశారు. ఆ పళ్లపొడి ఏ కొట్లో దొరుకుతుందని అడుగుతున్నారు.