వంతెన దగ్గర తీసిన ఫోటోలు

బ్రాంట్ ఫెర్రీ, ఒహాయో
14 అక్టోబర్ 1974

చిన్ననాటి స్నేహితుడు ఓరిన్ స్టాంబాకు,

ఎమిల్ కోవాచ్ నమస్కారాలు. నువ్వూ, నీ ఇల్లాలూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇన్నేళ్ల తర్వాత నా చేతిరాత చూసి కవరు చింపకుండా పక్కన పడేస్తావేమో తెలియదు. చింపావు గనుక చివరిదాకా చదువు.

పాత ఫైర్ స్టేషన్‌ను ఇప్పుడు ఊరి మ్యూజియం చేశారు. చూసుకునేది నేనే. గాజు ఫ్యాక్టరీ సీసాలు, యూనియన్ బిళ్లలు, మన బడి బ్యాండ్ డ్రమ్ము అన్నీ అక్కడే ఉన్నాయి. మందుల షాపు ఎబర్‌సోల్ గుర్తున్నాడా? ఆయన పోయాక కూతురు మేబెల్ ఒక పెట్టెడు నెగెటివులు తెచ్చి ఇచ్చింది. మన చిన్నప్పుడు గాజు ఫ్యాక్టరీ సమ్మె రోజున ఆయన తన మేడ కిటికీలోంచి తీసినవట. అందులో ఒకటి పెద్దది చేయించి గోడకు పెట్టాను.

అందులో ఏముందో నీకు చెప్పక్కర్లేదు. మనిద్దరం వంతెన పక్క బేకరీ అరుగు మీద నిలబడి చూసిందే. మా నాన్న ఇటుకల రోడ్డు మీద పడి తలకు చేతులు అడ్డం పెట్టుకున్నాడు. పోలీసు డిప్యూటీ బిళ్ల పెట్టుకున్న మీ నాన్న లాఠీ ఎత్తాడు. "నాన్నా, ఆపు! ఎమిల్ వాళ్ల నాన్న!" అని నువ్వు గొంతు చించుకుని అరిచావు. ఆయన ఆపలేదు. పుర్రె పగిలిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మా అమ్మ వచ్చి నన్ను ఈడ్చుకెళ్లి, ఇంట్లో పెట్టి గొళ్లెం వేసి, మళ్లీ బయటికి పరుగెత్తింది. ఆ తర్వాత నువ్వూ నేనూ మాట్లాడుకోలేదు.

పోయిన శనివారం మధ్యాహ్నం మ్యూజియం తెరిచాం. జనం యాపిల్ పైలు తింటూ ఫోటోలు చూస్తున్నారు. మీ తమ్ముడి కొడుకు డ్వేన్ బేస్‌బాల్ బ్యాటుతో లోపలికొచ్చాడు.

"మా తాతని హంతకుణ్ణి చేసింది ఎవడ్రా? నువ్వేనా ముసలోడా?" అన్నాడు.

"ఫోటో తీసింది నేను కాదు బాబూ. అందులో ఉన్న పని చేసింది కూడా నేను కాదు" అన్నాను.

ఆ మాటతో వాడికి పిచ్చెక్కింది. గాజు బీరువాలన్నీ పగలగొట్టాడు. ఫోటో కిందికి లాగి బూటుతో తొక్కాడు. అడ్డం వెళ్లిన నా భుజం మీద ఒకటి, మొహం మీద ఒకటి వేశాడు. పళ్లు రాలాయి. కిందపడ్డాక కూడా డొక్కలో తన్నాడు. చివరికి మేబెల్ మరిగే కాఫీ వాడి చేతుల మీద గుమ్మరించి, "నీ తాత బుద్ధి ఎక్కడికి పోతుందిరా వెధవా!" అని అరిచింది. వాడు బ్యాటు వదిలేసి, గాజుపెంకుల మధ్య కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మొదట కేసు పెట్టాను. నిన్న వెనక్కి తీసుకున్నాను. వాణ్ణి వదిలేశారు, ఇంటికి వచ్చాడు, కంగారుపడకు. నా భుజం ఎముక అతుక్కుంటుందన్నారు. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
ఎమిల్

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. అసలు సంగతి రాయకుండా తప్పించుకుందామనుకున్నాను, చేతకాలేదు. నిన్న మేబెల్ మిగిలిన నెగెటివులు కడిగించి తెచ్చింది. వాటిలో ఒకటి ఇందులో పెడుతున్నాను. కూర్చుని చూడు. వంతెన మెట్ల పైన మీ నాన్న ఒక్కడే, లాఠీ లేకుండా, మొహం చేతుల్లో దాచుకుని నిలబడ్డాడు. వెనక ఒక ఆడమనిషి పొయ్యి కెలికే ఇనప ఊచ రెండు చేతులా ఎత్తింది. తలగుడ్డ జారి మొహం బాగా కనిపిస్తోంది. మా అమ్మే.

ఆ రోజు మీ నాన్న తాగి వంతెన మెట్ల మీంచి పడి చచ్చాడని ఊరంతా నవ్వింది. ఆ మాట పడలేకే నువ్వు ఊరొదిలి పోయావు. ఆయన తాగలేదు, ఓరిన్. పడనూ లేదు. అమ్మ పోయేదాకా ఒక్కరికీ చెప్పలేదు, నాక్కూడా.

వచ్చే శనివారం, పాడైనది మళ్లీ చేయించి, రెండు ఫోటోలూ పక్కపక్కన పెడతాను. మొదటిదాని కింద మీ నాన్న పేరుంది. రెండోదాని కింద మా అమ్మ పేరు నేనే రాస్తాను. ఊరికంటే ముందు నీకు తెలియాలి.