శ్రుతి తీసేసిన పాఠం

శారదా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అమెరికాలో, మన ఆష్‌బర్న్‌లో నీ ఆన్‌లైన్ సంగీతం క్లాసులు ఇప్పుడు నీ శిష్యురాలు కావ్యే చెబుతోంది. నీ పాత వీడియోలు పంపి, "క్లీన్ చేయించాను అంకుల్, ఇప్పుడు ప్రొఫెషనల్‌గా ఉన్నాయి" అంది.

చూస్తే రోత పుట్టింది. గొంతు గింగురుమనకూడదని నువ్వు చీరల మధ్య కూర్చుని పాడిన బట్టల గదిని, ఆ క్లోజెట్‌ను చెరిపేసి, వెనక ఏదో గుడి బొమ్మ అతికించారు. తంబురా కూడా తీసేశారు. శ్రుతి లేకుండా పాడుతున్నావు!

"బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ కదా అంకుల్" అంది. ఛీ, ఏడేళ్లు నీ దగ్గర నేర్చుకున్న పిల్ల!

పాట మొదలెట్టే ముందు "ఏవండీ, ఫ్రిజ్ రొద వస్తోంది, ఆపండి" అని నువ్వు కేకేసే ముక్కనూ కోసేశారు.

అసలు రికార్డింగు నా దగ్గరుంది. ఇందాక పెట్టుకున్నాను. నువ్వు కేకేయగానే లేచి వెళ్లి ఫ్రిజ్ ఆపేసి వచ్చాను.