అమ్మ మొదటి సంతకం

సోమవారం రాత్రి

ఇది ఇవాళే రాసుకోవాలి. తెల్లారితే నా తప్పు నాకే చిన్నదిగా కనిపించడం మొదలవుతుంది.

మా గూడెం నుంచి బస్టాపుకు పోయే కాలిబాటను ప్లాట్ల వెంచర్ కోసం వాగు పక్కకు మారుస్తున్నారు. ఇవాళ హద్దురాళ్లు పాతారు. వాన పడితే ఆ కొత్త బాట నీళ్లలోనే ఉంటుంది. వదినకు ఎనిమిదో నెల.

అడగబోతే పంచాయతీ కార్యదర్శి కాగితం చూపించాడు. "మీరందరు ఒప్పుకున్నరు కదమ్మా. మొదటి సంతకం మీ అమ్మదే."

అది గ్రామసభలో హాజరు కోసమని తిప్పిన కాగితం. వేలిముద్ర వద్దని గూడెం ఆడవాళ్లకు పలక మీద పేరు రాయడం నేర్పింది నేనే. ఆ రోజు సంతకాలు పెట్టించింది కూడా నేనే; మురిసిపోతూ వాళ్ల చేతులే చూశాను. మడతపెట్టిన పై సగంలో ఏముందో చదవలేదు.

ఇంట్లో చెప్తే వదిన నవ్వింది. "అయితే దవాఖానాకు పడవ మాట్లాడి పెట్టు పిల్లా."

అమ్మ మాత్రం, "నా పేరు సక్కగనే ఉన్నదా బిడ్డా?" అని అడిగింది. ఉందన్నాను.

చదువుకున్నదాన్నని అందరూ నన్ను నమ్మారు. అర్జీ రాస్తే ఆ కాగితం నేను చదవలేదని ఊరంతటికీ తెలుస్తుంది. రాయకపోతే వదిన దారికి అమ్మ పేరే అడ్డం.

ఎన్నోసార్లు కొట్టేసి, చివరికి ఇలా రాశాను:

"హాజరు కోసమని చెప్పి ఈ సంతకాలు పెట్టించింది నేను. పైన ఉన్నది నేను చదవలేదు, ఎవరికీ చదివి వినిపించలేదు. కనుక ఇది మా ఒప్పుదల కాదు. పాత బాట మూయకుండా ఉంచి, ఈ నెల ఇరవయ్యో తేదీలోపు, మొదటి సంతకం పెట్టిన మా అమ్మ పేరు మీద జవాబు ఇవ్వగలరు."