రొట్టె తిరగేసే లెక్క

బడి ముఖం చూడని గణిత శిరోమణి, నాన్నను కన్న మా జేజి గారికి,

రెండుసార్లు టైము చాలక తప్పిన బ్యాంకు పరీక్ష ఈసారి గట్టెక్కాను. ఇరవై అయిదులో నలభై ఎనిమిది శాతం ఎంతని అడిగారు. పక్కవాడు కాగితం నిండా గుణిస్తున్నాడు. నాకేమో పెనం మీది రొట్టెకూ, నూటికింత అనే లెక్కకూ నువ్వు చెప్పే ఒకే మాట గుర్తొచ్చింది: "ఏమప్పా, ఒక పక్కే చూసుకుంటా కూసుంటే మాడిపోతాది. తిరగెయ్!"

తిరగేశాను. నలభై ఎనిమిదిలో ఇరవై అయిదు శాతం, అంటే పావు. పన్నెండు!

"ఇదేం పద్ధతప్పా?" అన్నాడు మా కోచింగ్ సారు, పరీక్షయ్యాక చేసి చూపిస్తే.

"మా జేజి రొట్టె పద్ధతి సార్."

ఆయనిప్పుడు క్లాసంతటికీ అదే చెబుతున్నాడు.

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నేనే జొన్నరొట్టె కాల్చాను. తిరగేసేసరికి విరిగింది, జేజీ.