పదిహేడు కట్‌లు

జూన్ 3, సోమవారం

నలభై సెకన్లు. నలభై అంటే నలభై సెకన్ల వీడియో సాఫీగా ప్లే చేయడానికి ఈ ల్యాప్‌టాప్‌కి ఏం మాయరోగమో తెలియదు.

అమ్మకి వచ్చే ఆదివారం అరవై నిండుతాయి. ఏం కావాలమ్మా అని అడిగితే, చీరలూ గాజులూ ఏం వద్దే, మీ నాన్న గొంతు ఒక్కసారి వినాలని ఉంది అంది. ఎంత గుర్తు తెచ్చుకున్నా రావట్లేదట. మొహానికి ఫోటో ఉంది, గొంతుకి ఏముంది అంది. నాన్న పోయేనాటికి నాకు రెండేళ్లు. నాకు గుర్తుండే అవకాశమే లేదు. నాన్న తరఫువాళ్లతో మాకు రాకపోకలు లేవు కాబట్టి అడగడానికీ ఎవరూ లేరు.

అమ్మ కుట్టుమిషన్ సొరుగులో, బాబిన్ల కింద, ఒక క్యామ్‌కార్డర్ టేపు దొరికింది. నాన్న స్నేహితుడెవరి దగ్గరో ఒక్కరోజుకి కెమెరా అడిగి తెచ్చాడట. స్టూడియో అతను టేపుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. నలభై నిమిషాల్లో ముప్ఫై తొమ్మిది నిమిషాలు గోడ, పైకప్పు, నాన్న చెప్పులు. కెమెరా ఆపడం రాలేదన్నమాట మహానుభావుడికి. చివర్లో నలభై సెకన్లు మాత్రం అమ్మ కనిపిస్తుంది, ఒళ్లో నేను. కెమెరా వెనక నుంచి నాన్న ఏదో అంటాడు.

ఆ నలభై సెకన్లు విడిగా కోసి తీద్దామని ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో పెట్టాను. ఏమంటాడో వినబడితే కదా. ముందు బొమ్మ ఆగుతుంది. తర్వాత గొంతు ఆగుతుంది. తర్వాత రెండూ కలిసి గెంతుతాయి. మా ఆయన వచ్చి, రీస్టార్ట్ చెయ్యరాదూ అన్నాడు. పెళ్లయి ఆరేళ్లయింది. ఫ్రిజ్ పాడైనా, నాకు తలనొప్పి వచ్చినా, ఆయన దగ్గర ఉన్న మందు అదొక్కటే.

జూన్ 4, మంగళవారం

మూడుసార్లు రీస్టార్ట్ చేశాను. పాపం, ఆయన మాట ఎందుకు తీసెయ్యాలి.

ప్లేబ్యాక్ క్వాలిటీ నాలుగో వంతుకి తగ్గించాను. అమ్మ మొహం ఇటుకలు పేర్చినట్టయింది గానీ గెంతులు తగ్గలేదు. బ్రౌజర్ మూసేశాను. తెరిచి ఉన్నవన్నీ మూసేశాను. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడంటారే, అచ్చం అలాగే ఉంది దీని వరస.

అమ్మకి ఫోన్ చేసి, టేపు వచ్చింది గానీ వీడియో నత్తి కొడుతోందమ్మా, బాగుచేస్తున్నా అన్నాను. ఫోన్లో ఎప్పుడూ వినబడే కుట్టుమిషన్ చప్పుడు టక్కున ఆగిపోయింది. ఆ మాట అనకు అంది. ఫోన్ పెట్టేసింది.

చిన్నప్పుడు సోడా కొట్టు అతన్ని వెక్కిరిస్తూ నత్తి నత్తిగా మాట్లాడితే అమ్మ చెంప పగలగొట్టింది. నా జన్మలో ఆవిడ నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. సరే, మనిషిని అనకూడదు. మెషిన్‌ని అంటే ఏం పోయింది? ఈవిడ చాదస్తానికి అంతూ పొంతూ లేదు.

జూన్ 5, బుధవారం

పాఠ్యపుస్తకాల ప్రెస్సులో ప్రూఫ్ రీడర్ ఉద్యోగం నాది. ఈరోజు నాలుగు చోట్ల ‘మరియు మరియు’ అని వస్తే రెండోదాన్ని కొట్టేశాను. కనీసం ఇవైనా నా మాట వింటాయి.

జూన్ 6, గురువారం

ఆఫీసులో కంప్యూటర్లు చూసే మనిషిని మేం డాక్టరుగారు అంటాం. ఏ డబ్బా పాడైనా ముందు దాని మీద చెయ్యి వేసి నాడి చూస్తాడు. లంచ్‌లో నా ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేసి, పెన్‌డ్రైవ్ మీదే ఎడిటింగ్ చేస్తున్నారా తల్లీ అన్నాడు. అవునన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకి భూమిలోకి కుంగిపోయాను. నూతిలో నీళ్లు చెంచాతో తోడుతూ బిందె నిండట్లేదని ఏడిస్తే ఎలాగండీ అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. స్టూడియో అతను గొప్పకి పోయి పాత టేపుని 4కె చేసి ఇచ్చాడట. ఫైలు ఏనుగంత ఉంది. నా ల్యాప్‌టాప్ మూలిగే నక్క, దాని మీద ఈ తాటిపండు.

ఫైలు ముందు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోవాలట. తర్వాత ప్రాక్సీ చేసుకోవాలట. అంటే అదే వీడియోకి తేలికైన చిన్న నకలు. కోతలన్నీ నకలు మీద చేసుకుంటే, చివర్లో అసలు ఫైలుకి వాటంతటవే పడతాయట. ఈ ముక్క సోమవారం ఎవరైనా చెప్పి ఉంటే నాలుగు రోజుల తిట్లు మిగిలేవి.

జూన్ 7, శుక్రవారం, ఉదయం 6

బొమ్మ నీళ్లలా పారుతోంది!

నాన్న గడియారాలు బాగుచేసేవాడు. అమ్మ వెనక గోడ నిండా గడియారాలే. ఒక్కో సెకన్ల ముల్లు ఒక్క తడబాటు లేకుండా తిరుగుతోంది. అమ్మకి అప్పుడు ముప్ఫై కాబోలు. ఎంత బాగుందో. కాస్త ఏడ్చాను కూడా.

కానీ గొంతు? గొంతు మాత్రం అలాగే ఏడ్చింది. ఇ.. ఇ.. ఇటు చూ.. చూడు. న.. న.. న.. న.. నవ్వు. అరికాలి మంట నెత్తికెక్కింది. డాక్టరుగారికి ఫోన్ చేశాను. బొమ్మ బాగుంటే ఇక కంప్యూటర్ తప్పు కాదు, టేపులోనే సౌండ్ పాడై ఉంటుంది, ఆ ముక్కలు కోసెయ్యడం తప్ప దారి లేదు అన్నాడు.

జూన్ 8, శనివారం

కోశాను.

నాకు ఇంతకన్నా చేతనైన పని లేదు. వచ్చిన అక్షరమే మళ్లీ వస్తే కొట్టేయడానికే కదా నాకు జీతమిస్తున్నారు. పదిహేడు కట్‌లు. గొంతుతో పాటు బొమ్మా తెగుతుంది కాబట్టి అతుకు తెలియకుండా ఒక బొమ్మని పక్క బొమ్మలోకి కాస్త కరిగించాను. నలభై సెకన్లు కాస్తా పందొమ్మిదయ్యాయి. ఇటు చూడు. పాపని ఎత్తు. నవ్వు. ఒక్కసారి నవ్వు. రేడియోలో వార్తలు చదివేవాడిలా ఉన్నాడు నాన్న.

మా ఆయన విని చప్పట్లు కొట్టాడు. చూశావా, రీస్టార్ట్ పనిచేసింది అన్నాడు.

జూన్ 9, ఆదివారం, మధ్యాహ్నం

ల్యాప్‌టాప్ అమ్మ ఇంటికి పట్టుకొచ్చాను. అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. పందొమ్మిది సెకన్లు చూసింది. మళ్లీ పెట్టమంది. ఇంకోసారి పెట్టమంది. అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, ఎవరే ఇతను అంది.

నాన్నే కదమ్మా అన్నాను. గొంతు ఆయనదిలాగే ఉంది గానీ మాట ఆయనది కాదే అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. వారం రోజులు. ఆఫీసులో లంచ్ మానేసి, ఊరందరి చేతా చెప్పించుకుని, కళ్లు కాయలు కాసేలా కూర్చుని చేశాను. గుర్తులేదన్నదానివి, కాదని మాత్రం ఎలా తెలిసిందమ్మా అనేశాను. అనకుండా ఉండాల్సింది. అమ్మ లేచి వెళ్లి మిషన్ ముందు కూర్చుంది. పుట్టినరోజు నాడు ఎవరిదో జాకెట్టు కుడుతోంది. నేను వంటింటి గడప మీద కూర్చుని ఇది రాస్తున్నాను. నా నోట్లో మన్ను పడ.

అదే రోజు, సాయంత్రం 4

కొయ్యకముందరి నకలు తెరిచాను. మరెందుకూ కాదు, తప్పు నాది కాదని తేల్చుకుందామని. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

గడియారాలు వినబడ్డాయి. టిక్, టిక్, టిక్. నాన్న న.. న.. న.. అంటున్నంతసేపూ టిక్కులు వరసగా పడుతున్నాయి. ఒక్కటి రెండుసార్లు రాలేదు, ఒక్కటి తప్పిపోలేదు. టేపు ఆగితే గడియారం కూడా ఆగాలి కదా.

టేపు ఆగలేదు. ఆగింది మా నాన్న.

అప్పుడు అమ్మ మొహం చూశాను. నాన్న ‘న’ దగ్గర ఆగిపోయినప్పుడు అమ్మ చిరాకు పడదు. మాట అందించదు. నాలుక పళ్ల వెనక ఆనించి, ఆ ‘న’ తనూ పట్టుకుని, తీరిగ్గా ఎదురుచూస్తుంది. మాట వచ్చాక పకాలున నవ్వుతుంది. ఆ ఎదురుచూపంతా నేను కోసిపారేశాను. నా వీడియోలో అమ్మ అతని కోసం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

అలనాటి చెంపదెబ్బ ఇవాళ తగిలింది.

కోసినవన్నీ వెనక్కి తెచ్చుకోవడానికి కంట్రోల్ జెడ్, పదిహేడుసార్లు. అమ్మా అని పిలిచాను. రాలేదు. మిషన్ నడుస్తూనే ఉంది. వాల్యూమ్ మొత్తం పెంచి నలభై సెకన్లూ పెట్టాను. ఇ.. ఇ.. ఇటు దగ్గరే మిషన్ ఆగిపోయింది.

అమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. ఇదీ, ఇదీ అంది. నవ్వింది, ఏడ్చింది, మళ్లీ పెట్టవే అంది. ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు.

తర్వాత చెప్పింది. అయినవాళ్లతో సహా అందరూ ఆయన్ని నత్తోడా అనేవాళ్లట, పేరు పెట్టి పిలిచిన పాపాన పోయినవాడు లేడట. ఆ మాట నా గడప తొక్కకూడదని ఒట్టు పెట్టుకున్నానే అంది. నాకూ చెప్పకుండా దాచిందట. ఆ మాట దాచీ దాచీ, దాంతో పాటు ఆయన గొంతు కూడా ఎక్కడో పారేసుకున్నాను కాబోలు అంది.

క్షమించమ్మా అన్నాను. నీకేం తెలుసు పిచ్చిమొహమా అని నెత్తి మీద ఒకటి మొట్టింది. తర్వాత పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని బాబిన్ల సొరుగులో పెట్టుకుంది. స్టూడియో అతని ఏనుగు ఫైలు, ఒక్క కట్ లేకుండా.

జూన్ 10, సోమవారం, ఉదయం 6

అమ్మ ఫోన్ చేసింది. హలో లేదు, ఏం చేస్తున్నావే లేదు. న.. న.. న.. న.. అంది.

ఏంటమ్మా అనలేదు. మాట వచ్చేదాకా ఆగాను.