రెండో సీసా

గురువారం, మధ్యాహ్నం
క్యాన్సర్ వార్డు

మా నాన్న 'పిచ్చుక' అని పిలిచే సిస్టర్‌కు,

నమస్కారం. మీరు కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. మేమూ కులాసాయే అని రాయలేను. నాన్నకు మళ్ళీ జ్వరం వచ్చింది. మీరు సెలవులో ఉన్నారు, ఫోన్ తీయడం లేదు. అందుకే ఇది రాసి ఆయా చేత పంపుతున్నాను.

విషయం చెబుతాను. నాన్న రక్తంలో మొలిచిన బ్యాక్టీరియా పేరు ల్యాబ్ మేడమ్ రెండుసార్లు చెప్పారు. నాకు నోరు తిరగలేదు. మట్టిలో, నీళ్ళలో ఉండేదట. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ జోలికి సాధారణంగా రాదట. కీమోతో తెల్లకణాలు పడిపోయినవాళ్ళకైతే అరుదుగా ఇలా రక్తంలోకి చేరుతుందట. తన ఉద్యోగంలో ఇది చూడటం ఇదే మొదటిసారని ఆవిడ అన్నారు. నాన్న అది విని, "బోర్లు వేసి జీవితమంతా మట్టిలో బతికాను. అప్పుడు లేని పరిచయం ఇప్పుడెందుకట దానికి?" అన్నారు. మేడమ్ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మందు పడగానే జ్వరం తగ్గింది. కీమో ఎక్కించేందుకు ఛాతీలో చర్మం కింద పెట్టిన పోర్ట్‌లోంచి మళ్ళీ సెలైన్ ఎక్కించగానే వణుకు మొదలైంది. మంచం కూడా ఊగింది. క్రిములు పోర్ట్‌లోనే కాపురం పెట్టాయేమోనని డాక్టర్ అనుమానం. అలాగైతే దాన్ని తీసేయాలి, లేకపోతే మందు ఆపిన ప్రతిసారీ జ్వరం తిరగబెడుతుంది. కానీ నాన్నకు ప్లేట్‌లెట్లు బాగా తక్కువ. కోస్తే రక్తం ఆగకపోవచ్చు. ఇంకో పోర్ట్ పెట్టేందుకు మంచి నరమూ మిగల్లేదు. వట్టి అనుమానం మీద కత్తి పెట్టలేనని డాక్టర్ అంటున్నారు.

ఆయన్ను ఆపుతున్నవి మొదట జ్వరం వచ్చిన రోజు మీరు రక్తం తీసి ల్యాబ్‌కు పంపిన రెండు సీసాలు. ఒకటి పోర్ట్ నుంచి, ఒకటి కుడి చేతి నుంచి అని చీటీల మీద ఉంది. పోర్ట్‌లో క్రిములుంటే చేతి సీసా కన్నా ఆ సీసాలో చాలా ముందు మొలవాలట. రెండూ ఇంచుమించు ఒకేసారి మొలిచాయి. కాబట్టి పోర్ట్ తప్పేమీ లేదని దాన్ని ఉంచేశారు. ఇప్పుడు మళ్ళీ రక్తం తీసి చూద్దామంటే అందులో మందు ఉంది, ఏదీ మొలవడం లేదు.

ఆ రోజు మీరు నరం కోసం వెతకడం నేను చూశాను. చేతులు రెండూ కమిలిపోయి ఉన్నాయి. "పిచ్చుకా, ఇక్కడ నీళ్ళు పడవు, రిగ్గు ఎత్తెయ్" అని నాన్న అరిచారు. ఆయనే నన్ను టీ తాగి రమ్మన్నారు. తిరిగి వచ్చేసరికి సీసాలు రెండూ ట్రేలో ఉన్నాయి. చేతికి కొత్తగా దూది, ప్లాస్టర్ ఏవీ లేవు. ఆ రోజు అది నాకు పట్టలేదు.

అందుకే ఒక్క మాట అడుగుతున్నాను. రెండో సీసా కూడా పోర్ట్ నుంచే తీశారా? నిందించడానికి కాదు. అవునంటే డాక్టర్ ధైర్యం చేసి పోర్ట్ తీస్తారు. కాదంటే తీయరు. ఈ రెంటిలో ఏది నిజమో తెలియకుండా నాన్నను ఇలా ఉంచలేను.

ఇట్లు,
పదమూడో మంచం పెద్దాయన కూతురు

తా.క.: కవరు అంటించబోతుంటే ఎవరికి రాస్తున్నావని నాన్న అడిగారు. చదివి వినిపించాను. "రెండూ పోర్ట్ నుంచే తీయమంటే ఆ పిల్ల వద్దంది. చేతులు దుప్పట్లో దాచుకుని, గుచ్చావంటే ఇంటికెళ్ళిపోతానని నేనే బెదిరించాను" అన్నారు. ఇన్నాళ్ళూ చెప్పలేదేమని అరిచాను. "చెబితే దాని ఉద్యోగం ఊడదూ?" అన్నారు.

వెళ్ళి డాక్టర్‌కు చెప్పాను. ముందు ప్లేట్‌లెట్లు ఎక్కించి, రేపు పొద్దున పోర్ట్ తీస్తారు. గట్టెక్కుతారా అని అడిగితే ఆయన అవుననలేదు, కాదనలేదు. మేట్రన్‌కు చెప్పక తప్పదని మాత్రం అన్నారు. అక్కడ నన్ను అడిగితే నాన్న చెప్పింది చెప్పినట్టు చెబుతాను. బెదిరించిన మాటతో సహా.

జవాబు తెలిసినా పైన ప్రశ్న కొట్టేయలేదు. అది మీ నోటి నుంచి రావడం మంచిది. డాక్టర్ సాయంత్రం దాకా వార్డులోనే ఉంటారు.