నిచ్చెన మీంచి పడలేదు

వదిన గారికి,

సెలవులకి మీ దగ్గరికొచ్చిన మీ మేనకోడలు తూనీగ నిన్న ఇంటికి చేరింది. దాని సంచిలో మాత్రలు లేవు, మీ చీటీ ఉంది. "మాత్రలు పారేశాను. మా చిన్న తమ్ముడికి ఆగినట్టే దీని గుండె కూడా ఆగుతుంది" అని రాశారు.

ఒకచోట వాలదని దానికి ఆ పేరు పెట్టింది మీరే. కుదురు కోసం డాక్టరమ్మ రాసిన మాత్రలు మొదలయ్యాక అది నా కుట్టుమిషను పక్కన కూర్చుని, మొట్టమొదటిసారి ఒక లెక్క చివరిదాకా చేసింది. మీరు భయపెట్టారని వైద్యం మానిపించను.

కానీ మందు రాసేముందు డాక్టరమ్మ, "మీ రెండు వైపులా చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లున్నారా?" అని అడిగింది. లేరని తడుముకోకుండా చెప్పాను. మరిది నిచ్చెన మీంచి పడి పోయాడనే కదా మీరంతా నాకు చెప్పింది! ముందు గుండె ఆగి, ఆ తర్వాత పడ్డాడన్నమాట. మా ఆయన్ని నిలదీస్తే నిజమేనని ఒప్పుకున్నారు. నేను బట్టలు కుట్టి బతుకుతున్నాను, మీరు ఇంటిల్లిపాది నోళ్లూ కుట్టేశారు.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఇది ముందే తెలిస్తే గుండె పరీక్ష చేయించాకే మందు ఇచ్చేదాన్నంది. అప్పటిదాకా మాత్రలు ఆపమంది. ఆపాను, ఆవిడ చెప్పింది కాబట్టి.

సోమవారం పదింటికి పరీక్ష. మీరూ రండి. దాచిందంతా మీ నోటితోనే ఆవిడకి చెప్పండి. రాకపోతే మీ చీటీ తీసుకెళ్లి ఆవిడ బల్ల మీద పెడతాను. మాత్రలు పారేసే ధైర్యం ఉన్న మనిషి, ఆ నిచ్చెనని కూడా పారేసి రావచ్చు.

మీ మరదలు